రెండో నంబర్ కీ

కార్లు బాగుచేసేవాడికి దయ్యాల మీద నమ్మకం ఉండకూడదు. ఉంటే దుకాణం మూసుకోవాల్సిందే. మా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మంది "బండికి ఏదో గాలి సోకింది" అనే మాటతోనే దిగుతారు. ఫ్యూజు పోయినా గాలే, ఎలుక వైరు కొరికినా గాలే. బంపర్‌కి నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడదీసుకొని వస్తారు. నేను ముందు అవి తీయించి, తర్వాతే బానెట్ ఎత్తుతాను. ఈ విషయంలో తాండూరులో నాకు కొంచెం చెడ్డపేరు కూడా ఉంది.

అలాంటి నేను ఇది రాస్తున్నాను. ఎవరినీ నమ్మమని కాదు. నేనే ఇంకా ఎటూ తేల్చుకోలేదు. కాకపోతే ఈ సంగతి నలుగురి నోళ్లలో పడి రకరకాలుగా తయారైంది. జరిగింది జరిగినట్టు నా వైపు నుంచి ఒకసారి చెప్పి ఊరుకుందామని.

నా పేరు యాదగిరి. తాండూరు నుంచి వికారాబాద్ పోయే రోడ్డు మీద, నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల పక్కన నా షెడ్డు. ఇంజన్లు విప్పను. కొత్త కార్ల కరెంటు పని, స్కానింగ్ పని చేస్తాను. ఇప్పటి కార్లలో ఎక్కడ తేడా వచ్చినా కారే తన కంప్యూటర్‌లో ఒక కోడ్ రాసిపెట్టుకుంటుంది. స్టీరింగ్ కింద చిన్న సాకెట్ ఉంటుంది. అందులో స్కానర్ పెడితే ఆ కోడ్లన్నీ తెర మీదికి వస్తాయి.

చాలామంది మెకానిక్‌లు కోడ్ కనబడగానే ఆ సామాను మార్చేస్తారు. అది తప్పు. బ్యాటరీ కొంచెం దిగినా చాలు, కారు కంగారుపడి లేనిపోని కోడ్లన్నీ రాస్తుంది. అందుకే నాకొక పద్ధతి ఉంది. వచ్చిన కోడ్లన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకుంటాను. అన్నీ చెరిపేస్తాను. మళ్లీ స్టార్ట్ చేస్తాను. మళ్లీ వచ్చిన కోడే నిజం, రానిదంతా అబద్ధం. ఇన్నేళ్లలో ఈ పద్ధతి నన్ను మోసం చెయ్యలేదు.

నీలమ్మక్క కారును మా షెడ్డుకు తాడు కట్టి లాక్కొచ్చారు. వాళ్లకు తాండూరులో కందిపప్పు మిల్లుంది. లింగాయతులు, ఇంట్లో కన్నడం మాట్లాడుకుంటారు. ఆమె భర్త శరణప్ప సేటు గుండెపోటుతో పోయి అప్పటికి కొన్ని నెలలైంది. ఆయన నాకు బాగా తెలుసు. కారు కొన్న కొత్తలో భార్యకు తనే దగ్గరుండి డ్రైవింగ్ నేర్పిన మనిషి. ఈ వయసులో ఈమెకు డ్రైవింగ్ ఏంటని బజారులో నవ్వినవాళ్లు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు.

సాయంత్రం మిల్లు మూసేశాక ఆమెను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తను పక్క సీట్లో కూర్చొని పెద్దేముల్ రోడ్డు మీద తిప్పుకొచ్చేవాడు. ఎత్తు చాలక ఆమె కింద దిండు వేసుకునేది. ఎదురొచ్చే ఆటోలవాళ్లు ఆ కారును దూరం నుంచే గుర్తుపట్టి పక్కకు దిగేవాళ్లు. నా స్కూటర్ కూడా రెండు మూడుసార్లు మట్టిలోకి దిగింది. కానీ ఏడాది తిరిగేసరికి ఆమె బాగానే నేర్చుకుంది.

ఆయన పోయాక ఆ కారే ఆమెకు దిక్కయింది. మిల్లుకు పోవాలన్నా, చేనుకు పోవాలన్నా ఎవరినీ అడగక్కర్లేదు. ఇప్పుడు ఆ కారు మొరాయించడం మొదలుపెట్టింది. కొడుకు మల్లికార్జున్ విసిగిపోయాడు. ఆదివారం కొడంగల్ నుంచి బేరం వాళ్లొస్తున్నారు, ఈలోపు బాగైతే సరే, లేకపోతే వచ్చిన ధరకు ఇచ్చేస్తా, అమ్మకు డ్రైవర్ని పెట్టి వేరే బండి చూస్తా అని నాకు ఫోన్‌లో చెప్పాడు. అతని మాటలో తప్పేమీ లేదు. తల్లి రోడ్డు మీద ఆగిపోతే ఎవరికైనా భయమే.

నీలమ్మక్కకు మాత్రం అది ప్రాణం మీదికొచ్చినట్టుంది. ఒక్కగానొక్క కూతురు వికారాబాద్‌లో ఉంటుంది. తొలి కాన్పు, నెలలు నిండాయి. కబురు ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిన నిమిషంలో తను బయలుదేరాలి, కొడుకు తీరికా డ్రైవర్ తీరికా చూసుకుంటూ కూర్చోకూడదు. ఆమెకున్న కోరిక అంతే.

బండి సంగతి ఏంటని అడిగితే ఆమె ఒక వింత మాట చెప్పింది.

"మిల్లుకు పోతది తమ్మీ. చేనుకు పోతది. వికారాబాద్ పోదామని కూసుంటెనే స్టార్ట్ గాదు. ఇయ్యాల గూడ గంతే."

నాకు నవ్వొచ్చింది. "కారుకు ఊర్ల పేర్లు తెల్వయక్కా," అన్నాను.

ఆమె నవ్వలేదు. నేను కూడా ఆ మాటను పక్కన పెట్టి పనిలో పడ్డాను. ముందు బ్యాటరీ చూశాను, బాగానే ఉంది. స్కానర్ పెడితే బోలెడు కోడ్లు. ఫొటో తీసుకొని చెరిపేశాను. మళ్లీ బటన్ నొక్కాను. ఇంజన్ తిరగలేదు. ఈసారి ఒక్కటే కోడ్ వచ్చింది, పి0513. అంటే కీ సరైనది కాదని కారు అంటోంది.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. ఇది కీ తిప్పే కారు కాదు. కీ జేబులో ఉంటే చాలు, బటన్ నొక్కి స్టార్ట్ చేసుకోవచ్చు. బటన్ నొక్కగానే కారు లోపలున్న కీని పిలుస్తుంది. కీ ముందు తన నంబర్ చెప్తుంది, తర్వాత ఒక రహస్య సంకేతం పంపుతుంది. రెండూ కుదిరితేనే ఇంజన్ తిరుగుతుంది. దూరం నుంచి ఇది పనిచెయ్యదు. కీ కారు లోపలే ఉండాలి.

నీలమ్మక్క దగ్గరున్న కీలో సెల్ మార్చాను. ఫలితం లేదు. అప్పుడు కారులో ఆ నిమిషాన ఏం జరుగుతోందో చూపించే పేజీ తెరిచాను. నమోదైన కీలు రెండు అని ఉంది. అది మామూలే, ప్రతి కారుకూ రెండిస్తారు. దాని కింద, ఇప్పుడు కారులో ఉన్న కీ అనే చోట రెండో నంబర్ అని ఉంది.

నా చేతిలో ఉన్న కీ నొక్కి చూశాను. అది ఒకటో నంబర్.

సరే, రెండో కీ కారులోనే ఎక్కడో పడి ఉంటుంది, సీటు కింద జారి ఉంటుంది అనుకున్నాను. దాంతో చిక్కు కూడా విడిపోయినట్టే. లోపల పడ్డ ఆ కీ పాడైపోయి, నంబర్ చెప్తోంది గానీ సంకేతం పంపలేకపోతోంది. పేరు చెప్పి సంతకం పెట్టని మనిషిలాగా. కారు దాని దగ్గరే ఆగిపోయి మంచి కీని పట్టించుకోవడం లేదు. నాకు భలే సంతోషమేసింది.

ఒకటో కీని ఆమెకిచ్చి దూరంగా హోటల్ దాకా పంపించాను. తెర మీద రెండో నంబర్ అలాగే ఉంది. ముందు సీట్ల దగ్గరున్న యాంటెన్నాకే అది తగులుతోంది. సీట్లు విప్పాను. కార్పెట్ లేపాను. గేరు చుట్టూ ఉన్న ప్లాస్టిక్, డ్యాష్‌బోర్డు కింద పెట్టె, అన్నీ బయట పెట్టాను. కందిగింజలు దొరికాయి, పిప్పరమెంటు కాగితాలు దొరికాయి, విరిగిన దువ్వెన దొరికింది. కీ దొరకలేదు.

సీట్లు లేని ఆ కారులో నేను మోకాళ్ల మీద కూర్చొని ఉన్నాను. లోపల దాచడానికి చోటే లేదు. స్కానర్ మాత్రం రెండో నంబర్ లోపలే ఉందంటోంది. నాకు భయం వెయ్యలేదు. కోపమొచ్చింది. యాంటెన్నా వైర్లు చూశాను, కీల సంగతి చూసుకునే డబ్బా కనెక్టర్లు తీసి శుభ్రం చేశాను, బ్యాటరీ తీసి మధ్యాహ్నమంతా అలాగే వదిలేశాను. మళ్లీ పెడితే మళ్లీ అదే.

అప్పుడు నీలమ్మక్కను పిలిచి, సేటు దగ్గరున్న ఇంకో కీ ఏమైందని అడిగాను. ఆయన కీకి నేనే ఒకసారి సెల్ మార్చాను, ఎప్పుడూ అంగి జేబులో ఉండేది. మల్లికార్జున్ ఫోన్‌లో అది ఎక్కడో పోయిందని చెప్పాడు. పోతే పోయింది, దాని నంబర్‌ని కారు మెదడులోంచి చెరిపేస్తే సరిపోతుందని, అప్పుడు కారు దాన్ని ఇక పిలవదని ఆమెకు వివరించాను.

రోడ్డు మీద బండల లారీ ఒకటి పోయింది. అది పోయేదాకా ఆగి ఆమె చెప్పింది.

"గా కీ ఎక్కడ పోలె తమ్మీ. ఆయన్ను మట్టి చేసిననాడు నేనే ఆయన అంగి జేబుల పెట్టిన."

వాళ్లలో దహనం చెయ్యరు. పోయినవాళ్లను కూర్చోబెట్టి, విభూతి పూసి, చేతిలో లింగం పెట్టి, మారేడు ఆకులతో సమాధి చేస్తారు. వాళ్ల ఇంట్లో ఇంకొక అలవాటు కూడా ఉందట. ఆ మనిషి రోజూ ముట్టుకునే వస్తువొకటి పక్కన పెడతారు. మామగారికి వక్కాకు సంచి పెట్టారు. సేటుకు కళ్లద్దాలు పెట్టాడు కొడుకు. ఈమె మాత్రం ఎవరికీ చెప్పకుండా కీ పెట్టింది.

"రోజు ఆ జేబులనే ఉండేది. ఖాళీ జేబుతోని ఎట్ల పంపాలె అనిపించింది," అంది.

సమాధి పెద్దేముల్ దగ్గర వాళ్ల చేనులో ఉంది. నా షెడ్డుకు దానికి మధ్య ఎన్నో ఊర్లున్నాయి.

అప్పుడే ఆమె ఇంకో సంగతి చెప్పింది. సేటు ఆమెకు అన్ని రోడ్లూ నేర్పాడు గానీ అనంతగిరి ఘాట్ నేర్పలేదు. వికారాబాద్ పోవాలంటే ఆ మలుపులెక్కాలి, లారీలుంటాయి. తను పక్కన కూర్చొని నేర్పేదాకా ఒక్కదానివే ఆ దిక్కు పోవద్దని మాట తీసుకున్నాడట. దసరా అయినాక పోదామన్నాడు. దసరాకు ముందే పోయాడు.

నేను స్కానర్ చేతిలోకి తీసుకున్నాను. రెండో నంబర్ చెరిపెయ్యాలా అని అడుగుతోంది. ఒక్క నొక్కుడు. పని అయిపోతుంది, కారు ఆమెకు మిగులుతుంది. అదే మాట ఆమెతో అన్నాను.

"చెరిపేస్తె ఆయన కీతోని ఇగ స్టార్ట్ గాదా?" అని అడిగింది.

కాదన్నాను.

"జర ఆగు తమ్మీ. రేపు ఒక్కసారి ఘాట్ ఎక్కి చూస్త. నువ్వు ఎనక కూసో. గట్లనన్న కాకుంటె నీ ఇష్టం."

స్టార్టే కాని బండితో ఘాట్ ఎలా ఎక్కుతావక్కా అని అడుగుదామనుకున్నాను. ఆమె మొహం చూసి అడగలేకపోయాను. ఆ సాయంత్రం సీట్లన్నీ బిగించి పెట్టాను.

పొద్దున ఆమె నుదుట విభూతితో, చంకలో దిండుతో ఆటోలో దిగింది. దిండు సీటు మీద వేసుకుంది. తర్వాత చుట్టూ తిరిగి వచ్చి ఎడమ పక్క తలుపు తీసింది. కొంగుతో సీటు తుడిచింది. తలుపు పట్టుకొని, ఎవరైనా ఎక్కేటప్పుడు మనం ఆగుతామే, అలా కాసేపు ఆగి, మెల్లగా వేసింది. నేను వెనక సీట్లో స్కానర్ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. పొడుగు వైరు వేసి ముందు సాకెట్‌కు కలుపుకున్నాను. ఇదంతా చూడ్డానికి షెడ్డు ముందు ఎవరూ లేనందుకు లోపల్లోపల సంతోషించాను. ఎవరైనా చూసుంటే తాండూరులో నా మీద జోకులకు కొదవ ఉండేది కాదు.

ఆమె క్లచ్ తొక్కి, పక్క సీటు వైపు చూడకుండానే, "రీ, హోగోణ" అంది. అంటే, ఏమండీ, పోదాం అని. మా దగ్గర ఆ మాత్రం కన్నడం అందరికీ వస్తుంది.

బటన్ నొక్కింది. ఇంజన్ అందుకుంది.

నేను తెర మీదికి వంగాను. స్టార్ట్ చేసిన కీ ఏదో చూపించే వరుస ఉంటుంది. అందులో రెండో నంబర్ ఉంది. సంకేతం కుదిరింది అని ఉంది. ఒకటో కీ ఆమె చేతిసంచిలో నా పక్కనే, వెనక సీట్లో ఉంది. అయినా కారు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నేను ఫొటో తీశాను. మొదటిది సరిగ్గా రాలేదు, రెండోది తీశాను. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

ధారూర్ దాటేదాకా ఆమె మామూలుగానే నడిపింది. ఘాట్ మొదలయ్యాక మాట్లాడ్డం మొదలుపెట్టింది. నాతో కాదు. కన్నడంలో, చిన్న గొంతుతో. మొదటి మలుపులో, సెకండే, తెలుసు, వేస్తున్నాను అంది. కొంచెం పోయాక, ఆ, హారన్ కొడుతున్నాను కదా అని కొట్టింది. లారీ ఎదురైన చోట బాగా ఎడమకు తీసి ఆపి, అది పోయాక, భయమేం లేదు, మీరు ఊరికే గాబరా పెట్టకండి అంది. ఎవరో ఒకటి చెప్తుంటే దానికి జవాబిస్తున్నట్టే ఉంది. పెళ్లయిన ఆడవాళ్లు భర్తల మీద విసుక్కునే గొంతే అది. నాకు ఆ చెప్పే మాటలు వినబడలేదు. ఆ సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్తున్నాను. నాకు వినబడింది ఆమె గొంతొక్కటే.

నాకప్పుడు భయమేసిందా అంటే, వేసింది. కానీ ఆ భయం వెనకాల ఇంకోటి ఉంది. నేను అక్కడ ఉండకూడదేమో, ఒక మొగుడూ పెళ్లాం మాట్లాడుకుంటుంటే మధ్యలో కూర్చున్నానేమో అన్న ఇబ్బంది. ముందు సీటు వైపు చూడలేదు. తెర మీదే చూపు పెట్టుకున్నాను. దారంతా రెండో నంబర్ అక్కడే ఉంది.

పైకి ఎక్కేశాక, చదునుగా ఉన్న చోట ఆమె కారు పక్కకు తీసి ఆపింది. ఇంజన్ ఆపేసింది. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకొని ఏడ్చింది. గట్టిగా కాదు. నేను కిటికీలోంచి రోడ్డు పక్క గోడ మీద కోతులను చూస్తూ కూర్చున్నాను. అంతకంటే మర్యాద నాకు తోచలేదు.

కాసేపటికి కళ్లు తుడుచుకొని, అద్దం సరిచేసుకొని, ఈసారి తెలుగులో అంది.

"ఇగ ఇక్కడికెల్లి సాఫ్ రోడ్డే. నేను పోత."

ఎవరితో అందో నేను అడగలేదు. ఆమె బటన్ నొక్కింది. కారు వెంటనే స్టార్ట్ అయింది. తెర మీద ఒకటో నంబర్ వచ్చింది. కారులో ఉన్న కీ ఒకటో నంబర్, స్టార్ట్ చేసింది ఒకటో నంబర్. రెండో నంబర్ ఎక్కడా లేదు. ఆమెకు తెర కనబడదు, నేను కూడా అప్పుడేం చెప్పలేదు.

వికారాబాద్‌లో కూతురు గడప దగ్గరే నిలబడి ఉంది, పొట్ట పట్టుకొని. తల్లి డ్రైవింగ్ సీట్లోంచి దిగడం చూసి ఆ పిల్ల డ్రైవర్ ఏడని కారులోకి తొంగి చూసింది. ఆ వారంలోనే కబురొచ్చింది. కొడుకు నిద్రలేచి చూసేసరికి వాకిట్లో కారు లేదు. నీలమ్మక్క అప్పటికే ఘాట్ ఎక్కేసింది. ఆడపిల్ల పుట్టింది. కొడంగల్ బేరం వాళ్లను మల్లికార్జునే రావద్దన్నాడు.

కీ సంగతి తల్లి అతనికి తర్వాత తనే చెప్పిందట. అతను నా దగ్గరికొచ్చి ఆ ఫొటో చూపించమన్నాడు. చూశాడు. ఫోన్ నా చేతికిచ్చి వెళ్లిపోయాడు.

నేను దీన్ని ఊరికే వదల్లేదు. హైదరాబాద్‌లో నాకు స్కానింగ్ నేర్పిన సారుకు ఫొటోలు పంపించాను. అది స్కానర్‌లో లోపం, అప్‌డేట్ చేసుకో అన్నాడు. చేసుకున్నాను. వేరే స్కానర్‌తో చూసినా ఆ రోజు కారు నమోదు చేసుకున్న సమాచారం అలాగే ఉంది. కీల డబ్బా పాత జ్ఞాపకాన్ని పట్టుకొని వేలాడుతుండొచ్చు అన్నాడు ఇంకొకాయన. ఉండొచ్చు. అలా అయితే కారు స్టార్ట్ కాకపోవడానికి జవాబు దొరుకుతుంది. రెండో నంబర్‌తో స్టార్ట్ అయినదానికి దొరకదు. పాత జ్ఞాపకం నంబర్ చెప్పగలదేమో గానీ, సంకేతం ప్రతిసారీ కొత్తది. దాన్ని పంపడానికి అసలు కీ ఉండాలి. ఆ కీ మట్టిలో, ఒక మనిషి జేబులో ఉంది.

నిమ్మకాయలు ఇప్పటికీ తీయిస్తాను. విసుక్కోవడం మాత్రం తగ్గింది.

నన్ను ఎక్కువగా తొలిచేది నా పద్ధతే. మళ్లీ వచ్చిన కోడే నిజం, రానిది అబద్ధం అని కదా నేను ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వచ్చింది. ఆ రోజు తర్వాత ఆ కారులో పి0513 మళ్లీ రాలేదు. రెండో నంబర్ మళ్లీ కనబడలేదు. నా లెక్క ప్రకారం అదంతా అబద్ధం కావాలి. ఆ మాట అనడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు.

నీలమ్మక్క ఇప్పటికీ సర్వీసుకు కారు నా దగ్గరికే తెస్తుంది. మనవరాలు ఎడమ పక్క సీట్లో, తల్లి ఒళ్లో కూర్చొని వస్తుంది. నేను స్కానర్ పెడతాను. నమోదైన కీలు రెండు, కారులో ఉన్నది ఒకటి. కనబడని కీని చెరిపెయ్యాలా అని స్కానర్ ప్రతిసారీ అడుగుతుంది. అడగడం దాని పని. నేను వద్దు అని నొక్కి బయటికి వస్తాను.